హమ్వీ బాడీ రేకు మార్చాలా? ఏ రివెట్ ఎక్కడ వాడాలి

అమెరికా సైన్యం వాడి పక్కన పెట్టిన హమ్వీలు (జీపు తరహా పెద్ద బండ్లు) 2014 డిసెంబరు నుంచి వేలంలో మామూలు జనానికీ దొరుకుతున్నాయి. కొన్నాక ఇంజను ఏదోలా స్టార్టవుతుంది. అసలు తలనొప్పి బాడీతో మొదలవుతుంది. వెనక క్వార్టర్ రేకు సొట్టపోయి ఉంటుంది, డోరు కింది రాకర్ రాయి తగిలి చిరిగి ఉంటుంది, స్టీలు బ్రాకెట్ కూర్చున్న చోట అల్యూమినియం తెల్లగా పొడి రాలుతుంటుంది. రేకు మార్చక తప్పదని తేలాక అడిగిన ప్రతివాడూ ఒక్కో మాట చెబుతాడు. పాప్ రివెట్ కొట్టెయ్యమని ఒకరు, టిగ్ వెల్డింగ్ చేయించమని ఇంకొకరు, బోల్టులు బిగిస్తే పీడా పోతుందని మరొకరు.

వీటిలో ఏది తప్పో చెప్పాలంటే ముందు ఈ బండి ఎలా నిలబడిందో తెలియాలి. విజయవాడ ఆటోనగర్‌లో లారీ బాడీ కట్టేటప్పుడు బరువంతా లోపలి యాంగిళ్లు, చానళ్లు, చెక్క దూలాలు మోస్తాయి. పైన కొట్టే రేకు వాన, దుమ్ము ఆపే తొడుగు మాత్రమే. అక్కడ పాప్ రివెట్ సరిపోతుంది, ఊడినా బండి ఆగదు. హమ్వీలో ఛాసిస్ స్టీలుదే, కానీ దాని మీద కూర్చున్న బాడీ పూర్తిగా అల్యూమినియం రేకులను మడిచి, జిగురు పెట్టి, రివెట్లతో కలిపిన డబ్బా. లోపల వేరే అస్థిపంజరమంటూ ఏమీ లేదు. మడతలూ రివెట్ వరసలే అస్థిపంజరం. అందుకే బలహీనమైన రివెట్ వేస్తే ఆ ఒక్క రేకు వదులైపోవడంతో కథ ఆగదు. పక్క రేకు మీద లోడు పెరిగి, కొన్నాళ్లకు అది మడత దగ్గర పగులుతుంది.

బానెట్ సంగతి మాత్రం వేరు. అది ఫైబర్ గ్లాస్ తరహా అచ్చు, దాని మరమ్మతు రెసిన్‌తో. ఇక్కడ చెప్పేదంతా అల్యూమినియం భాగాలకే.

## ముందు చూసుకోవాల్సినవి

మొదటి ప్రశ్న: వెనక వైపు చేయి పడుతుందా? రేకు వెనక దిమ్మె (కొట్టేటప్పుడు కాడకి ఆనించే ఇనుప ముద్ద) పట్టుకునేంత చోటు ఉంటేనే సాలిడ్ రివెట్, అంటే నిండు కాడను కొట్టి వెనక తల తీర్చేది. మూసుకుపోయిన బాక్స్ సెక్షన్ అయితే ఒక వైపు నుంచే లాగే బ్లైండ్ రివెట్ తప్ప దారి లేదు.

రెండోది, ఆ వరస మోసేది ఏమిటి. ఫ్లోర్, వీల్ హౌస్, రాకర్, బాడీ మౌంట్ (బాడీని ఛాసిస్‌కి బిగించే చోటు) దగ్గరి రేకులు బరువు మోసేవి. చిన్న కవర్ ప్లేట్లు, లోపలి మూతలు మోయనివి. ఈ రెండింటినీ ఒకే రివెట్‌తో కానిచ్చేద్దామనుకోవడం దగ్గరే చాలామంది దెబ్బతింటారు.

మూడోది లోహాల పొత్తు. దీని గురించి కాస్త ఎక్కువే చెప్పాలి. స్టీలూ అల్యూమినియమూ తడిలో కలిసి ఉంటే అల్యూమినియం కరుగుతుంది. ఎంత వేగంగా కరుగుతుందో రెండింటి వైశాల్యాల మీద ఆధారపడి ఉంటుంది. పెద్ద అల్యూమినియం రేకులో చిన్న జింకు పూత స్టీలు రివెట్ ఉంటే నష్టం పెద్ద రేకంతా పంచుకుంటుంది కాబట్టి నెమ్మదిగా జరుగుతుంది. సీలెంట్‌తో వేస్తే ఏళ్ల తరబడి నిలుస్తుంది. అదే పెద్ద స్టీలు ప్లేటును చిన్న అల్యూమినియం రివెట్‌తో పట్టిస్తే నష్టమంతా ఆ చిన్న రివెట్ మీదే పడుతుంది. తల పైకి బాగానే కనిపిస్తుంది, కాడ మాత్రం లోపల పొడైపోయి ఉంటుంది. కాబట్టి స్టీలు బ్రాకెట్ దగ్గర అల్యూమినియం రివెట్ వాడకండి. స్టెయిన్‌లెస్ మెరుస్తుంది కదా అని సీలెంట్ లేకుండా వేస్తే మంచు కరగడానికి రోడ్ల మీద ఉప్పు చల్లే అమెరికా చలి రాష్ట్రాల్లో రివెట్ చెక్కుచెదరదు గానీ దాని చుట్టూ రేకు తినేసి ఉంటుంది.

మిగిలినవి పనిముట్లు, మనుషులు, మళ్లీ విప్పే అవసరం. సాలిడ్ రివెట్‌కి ఇద్దరు కావాలి. బ్లైండ్ రివెట్‌కి ఒక్కరు చాలు, కానీ గన్ ఖరీదు ఎక్కువ.

## ఇప్పుడు ఉన్నది ఏ రివెట్?

రంగు గీకి తల చూడండి. తల నిండుగా ఉండి, మధ్యలో చిన్న గుంట గానీ చుక్క గానీ ఉంటే సాలిడ్. గుంట ఉంటే 2117 మిశ్రమం, పొడుచుకొచ్చిన చుక్క ఉంటే 2017, కూడిక గుర్తులా ఉబ్బి ఉంటే 5056. తల మధ్యలో బెజ్జం ఉండి సూది దూరేటట్టు ఉంటే మామూలు పాప్ రివెట్. ఫ్యాక్టరీ వరస మధ్యలో అలాంటిది కనిపించిందంటే ఎవరో తర్వాత హడావిడిగా చేసిన మరమ్మతే అయి ఉంటుంది. తల మధ్యలో వేరే లోహపు పుల్ల, తలతో సమానంగా తెగి, కదలకుండా కూర్చుని ఉంటే అది లాక్ అయ్యే స్ట్రక్చరల్ బ్లైండ్ రివెట్. మోనోబోల్ట్, మాగ్నా‑లాక్ అనే పేర్లతో అమ్మేవి ఇవే.

తీసిన చోట అదే రకం, అదే సైజు వేయడం మొదటి నియమం. కుదరనప్పుడే కింది పోలిక.

| పద్ధతి | వెనక చోటు కావాలా | బలం | నీరు ఆపడం | మనుషులు | ఎక్కడ |
|---|---|---|---|---|---|
| సాలిడ్ రివెట్ | కావాలి | చాలా బాగు | బెజ్జం నిండుతుంది, బాగు | ఇద్దరు | చేయి అందే అన్ని చోట్లా |
| లాక్ అయ్యే బ్లైండ్ | అక్కర్లేదు | చాలా బాగు | సీలెంట్‌తో బాగు | ఒక్కరు | మూసిన సెక్షన్లు, రాకర్, ఫ్లోర్ |
| మామూలు పాప్ | అక్కర్లేదు | తక్కువ | కాడ బోలు, కారుతుంది | ఒక్కరు | కవర్లు, మూతలు |
| బోల్టు, నైలాక్ నట్ (సడలకుండా నైలాన్ వలయం ఉన్నది) | కావాలి | బాగు, కానీ బెజ్జంలో ఆట ఉంటే కాదు | వాషర్, సీలెంట్ కావాలి | ఇద్దరు | విప్పాల్సిన ప్యానెళ్లు |
| రివ్‌నట్ (రేకులో కూర్చునే మరల గొట్టం) | అక్కర్లేదు | మధ్యస్థం | తక్కువ | ఒక్కరు | యాక్సెస్ మూతలు, సామాను బ్రాకెట్లు |
| టిగ్ వెల్డింగ్ | అక్కర్లేదు | వెల్డ్ పక్కన పడిపోతుంది | బాగు | నిపుణుడు | పగులు చివర, అరుదుగా |
| జిగురు, రివెట్ కలిపి | రివెట్‌ని బట్టి | అన్నిటికంటే మేలు | అన్నిటికంటే మేలు | ఇద్దరు ఉంటే హాయి | పూర్తి రేకు మార్పు |

## సాలిడ్ రివెట్

రివెట్‌కి రూపాయిల్లో ఖర్చు, గన్‌కీ దిమ్మెకీ ఓపిక. బెజ్జాన్ని పూర్తిగా నింపుతుంది కాబట్టి కదలికే ఉండదు. 2117 రకంలో 1/8 అంగుళం రివెట్ ఒక్కటి కోత బలానికి (రేకులు పక్కకి జారి రివెట్‌ని తెంపే బలానికి) సుమారు 388 పౌండ్లు, 3/16 అంగుళం అయితే సుమారు 860 పౌండ్లు ఆపుతుంది. వరసలో ముప్పై ఉంటే లెక్క మీరే వేసుకోవచ్చు.

సైజు ఎంచుకోవడానికి విమానాల పనివాళ్ల లెక్కే ఇక్కడా పనికొస్తుంది. రెండు రేకుల్లో మందమైనదానికి మూడింతలు రివెట్ వ్యాసం. పొడవు అంటే రేకుల మొత్తం మందానికి వ్యాసంలో ఒకటిన్నర రెట్లు కలిపినంత. ఉదాహరణకు 1.6 మి.మీ. రేకులు రెండు అనుకోండి. వ్యాసం 4.8 మి.మీ., అంటే 3/16 అంగుళం. పొడవు 3.2కి 7.2 కలిపి 10.4 మి.మీ. అమ్మకంలో పొడవులు 1/16 అంగుళం మెట్లలో ఉంటాయి కాబట్టి 9.5 గానీ 11.1 గానీ దొరుకుతుంది. 11.1 తీసుకుని రివెట్ కట్టర్‌తో కత్తిరించుకోండి. కొట్టాక వెనక తల వెడల్పు 7.2, ఎత్తు 2.4 మి.మీ. రావాలి. అంతకంటే పల్చగా అప్పడంలా పరుచుకుంటే ఎక్కువ కొట్టేశారు, అంచుల్లో చీలికలు వస్తాయి. పక్కకి వాలితే దిమ్మె ఏటవాలుగా పట్టారు.

డ్రిల్ బిట్లు: 1/8కి 30వ నంబరు, 5/32కి 21, 3/16కి 11, 1/4కి ఎఫ్ అక్షరం బిట్. సరిగ్గా 1/8 బిట్‌తో బెజ్జం చేస్తే రివెట్ దూరదు. దూరలేదని బిట్‌ని అటూఇటూ ఊపి పెద్దది చేస్తే కోడిగుడ్డు ఆకారం వస్తుంది.

గన్ విషయంలో ఒక్క మాట. 3/16కి 4ఎక్స్ సైజు గన్ కావాలి. చిన్న గన్‌తో ఎక్కువసేపు టకటకలాడిస్తే రివెట్ గట్టిపడిపోయి తల సరిగా పరుచుకోదు. తక్కువ దెబ్బల్లో, ఎక్కువ బలంతో కొట్టాలి. దిమ్మె బరువు సరిపోకపోయినా ఇదే జరుగుతుంది, పైగా తల వైపు రేకు సొట్టపోతుంది.

గట్టి 2024 రకం రివెట్లు చవగ్గా దొరికాయని తెచ్చుకోకండి. వాటిని వేడిచేసి చల్లార్చిన తర్వాత కొట్టేదాకా ఫ్రీజర్‌లో ఉంచాలి. మామూలు గరాజ్‌కి అది పడని పని.

## లాక్ అయ్యే బ్లైండ్ రివెట్

ఇంటి దగ్గర ఒక్కరే పనిచేసుకునేవాళ్లకి నా ఓటు దీనికే. లాగినప్పుడు కాడ బెజ్జం నిండా ఉబ్బుతుంది, పుల్ల లోపలే తాళం పడి మిగిలిపోతుంది. పుల్ల ఉండిపోవడమే ఇక్కడ కీలకం, ఎందుకంటే కోత బలంలో దానికీ వాటా ఉంది. మామూలు పాప్‌లో పుల్ల తెగి ఊడిపోతే మిగిలేది బోలు గొట్టం.

ఇక్కడ తరచు జరిగే పొరపాటు గన్ ముక్కుది. మోనోబోల్ట్ రకానికి ప్రత్యేకమైన ముక్కు ఉంటుంది. పుల్ల తెగే ముందు ఆ ముక్కు తల లోపలి లోహాన్ని పుల్ల గాడిలోకి నొక్కుతుంది, తాళం పడేది అప్పుడే. మామూలు ముక్కుతో లాగితే పుల్ల తెగుతుంది, తల అందంగా కూర్చుంటుంది, తాళం మాత్రం పడదు. చూడ్డానికి తేడా తెలియదు. తుక్కు రేకు మీద ఒకటి వేసి, వెనక నుంచి పుల్లను పంచ్‌తో తట్టి చూడండి. కదిలిందంటే ముక్కు తప్పు.

1/4 అంగుళం స్టీలు రకాన్ని చేతి ప్లయర్ గన్‌తో లాగలేరు. కంప్రెసర్‌తో నడిచే గాలి‑నూనె గన్ కావాలి. 90 పీఎస్‌ఐ చాలు, ఒక్కో లాగుకి గాలి కొంచెమే పడుతుంది కాబట్టి చిన్న ట్యాంకు కంప్రెసర్ కూడా నెట్టుకొస్తుంది. గన్ కొనడం ఇష్టం లేకపోతే అద్దెకి తీసుకుని, బెజ్జాలన్నీ సిద్ధం చేసుకున్నాక ఒక్క రోజులో రివెట్లన్నీ కొట్టేయొచ్చు.

బెజ్జం సైజు కంపెనీ ఇచ్చిన కాగితంలో చూసుకోండి. 1/4 రకాలకు 17/64 అంగుళం బిట్ ఎక్కువగా నప్పుతుంది. గ్రిప్, అంటే కలిపి పట్టాల్సిన రేకుల మొత్తం మందం, మధ్యలో జిగురు పొరతో సహా కాలిపర్‌తో కొలవండి. మూడు రేకులు కలిసే మూలల్లో గ్రిప్ మారిపోతుంది. అక్కడ అదే పొడవు రివెట్ వేస్తే వెనక తల సగమే ఏర్పడుతుంది. అందుకే రెండు పొడవులు కొనుక్కోవాలి.

ఎన్ని కొనాలంటారా? 90 సెం.మీ. అంచుకి 25 మి.మీ. దూరంలో వేస్తే 37 పడతాయి. నాలుగు అంచులూ లెక్కకట్టి, పైన 15 శాతం కలుపుకోండి. పుల్ల మధ్యలో తెగేవి, తల సరిగా కూర్చోనివి ఎలాగూ కొన్ని పోతాయి.

## మామూలు పాప్ రివెట్

చవక, ఏ హార్డ్‌వేర్ షాపులోనైనా దొరుకుతుంది, చేతి గన్‌తో అయిపోతుంది. అందుకే అందరూ దీని వైపు మొగ్గుతారు. కుదుపులకి ముందు వదులయ్యేదీ ఇదే. బోలు కాడలోంచి నీళ్లు లోపలికి దిగుతాయి, ఊడిన పుల్ల ముక్కలు బాక్స్ సెక్షన్‌లో పడి గలగలమంటాయి. మూతలకి వాడండి, బరువు మోసే వరసకి వద్దు. తప్పదంటే మూసిన చివర ఉండే రకం తీసుకోండి. నీటి బాధ తగ్గుతుంది, బలం సంగతి అలాగే ఉంటుంది.

## బోల్టు, రివ్‌నట్

విప్పే అవసరం ఉన్న చోట బోల్టుకి సాటి లేదు. అయితే బోల్టు పట్టేది బిగింపుతో, రివెట్ పట్టేది బెజ్జం నింపడంతో. రివెట్ బెజ్జంలో అర మిల్లీమీటరు ఆటతో బోల్టు వేస్తే, మెత్తని అల్యూమినియం మీద బిగింపు క్రమంగా సడలి, బోల్టు బెజ్జాన్ని రంపంలా కోస్తుంది. వేస్తే రీమర్‌తో సరిపెట్టిన బెజ్జం, రెండు వైపులా పెద్ద వాషర్లు, నైలాక్ నట్, వాషర్ కింద సీలెంట్ ఉండాలి. ఛాసిస్ బ్రాకెట్ల లాంటి మందపాటి చోట్ల కాలర్ నొక్కే లాక్‌బోల్టు మేలు. దానికి సడలే మరలు లేవు. విప్పాలంటే కాలర్ కోయాల్సిందే.

రివ్‌నట్ పల్చని రేకులో గిర్రున తిరగడం అందరికీ తెలిసిన బాధ. ఆరు పలకల బెజ్జం ఉన్న రకం తీసుకుంటే ఆ బాధ తగ్గుతుంది.

## వెల్డింగ్

అతుకు కనపడదు, రివెట్ల లెక్క ఉండదు, అందుకే మనసు లాగుతుంది. కానీ వేడి చికిత్స చేసిన 6061‑టీ6 రేకు బలం 290 మెగాపాస్కల్‌కి పైనే ఉంటుంది. వెల్డ్ చేశాక ఆ పక్కన అంగుళం మేర దాదాపు 165కి పడిపోతుంది. కొత్త పగులు సరిగ్గా అక్కడే, వెల్డ్ పక్కనే వస్తుంది. పల్చని పెద్ద రేకు వేడికి అలలు తిరుగుతుంది. పైగా అతుకు సందుల్లో ఉన్న పాత జిగురు కాలి, ఆ మసి వెల్డ్‌లోకి వెళ్లి బుడగలు పుట్టిస్తుంది.

ఇంతకంటే ముఖ్యమైనది రంగు. సైనిక బండ్ల పై రంగు పాలీయురిథేన్, కాలిస్తే ఐసోసయనేట్ ఆవిర్లు వస్తాయి. కింది ప్రైమర్లలో కొన్నింట క్రోమియం కూడా ఉంటుంది. మాస్కు లేకుండా దాని మీద టార్చి గానీ, గ్రైండరు గానీ పెట్టకూడదు. ఉప్పుకాగితంతో రుద్దేటప్పుడైనా తడి చేసి, తగిన శ్వాస మాస్కు పెట్టుకుని రుద్దాలి. ఆ దుమ్ము వాకిట్లో పిల్లలాడే చోట పడకుండా చూడాలి. ఎలాగూ వెల్డింగ్ తప్పని చోటు వస్తే 24 వోల్టుల కరెంటు ఇచ్చే బ్యాటరీల తీగలు రెండు కొసలా విప్పేయండి.

## జిగురుతో కలిపి వేయడం

ఫ్యాక్టరీ చేసినట్టే చేయాలంటే ఇదే దారి. రివెట్ వేసిన చోటే కాకుండా అంచు పొడవునా లోడు పంచబడుతుంది, నీరు దూరదు, రేకు డబడబలాడదు. రెండు భాగాల ఎపాక్సీ గానీ, మిథాక్రిలేట్ గానీ వాడతారు.

దీని గుణం ఒకటే: ముఖాల తయారీలో లోపం ఉంటే పట్టదు. అతుకు ముఖాలు రెండూ 80 నంబరు ఉప్పుకాగితంతో మెరుపు చచ్చేదాకా గీకాలి. ద్రావకంతో ఒకే దిశలో తుడిచి, ప్రతి తుడుపుకీ గుడ్డ మార్చాలి. గీకాక ఆలస్యం చేయకుండా అదే రోజు పూయాలి. జిగురు పూర్తిగా పిండిపోకుండా 0.25 మి.మీ. గాజు పూసలున్న రకం మంచిది. క్లీకోలు (రివెట్ వేసేదాకా రేకుల్ని బెజ్జాల్లోంచి కలిపి పట్టే తాత్కాలిక పిన్నులు) మరీ బిగిస్తే పొర పల్చబడి అతుకు పెళుసవుతుంది. పని గడువు 10 నిమిషాల రకం తెచ్చి 70 రివెట్ల పని పెట్టుకుంటే సగంలోనే గట్టిపడుతుంది. 40–60 నిమిషాలది తీసుకోండి. 10 డిగ్రీల సెల్సియస్‌కి కిందైతే ఏ జిగురైనా ఆరడానికి మొరాయిస్తుంది.

జిగురు అతుకులో ప్రైమర్, సీలెంట్ వేయకూడదు. సీలెంట్ అంచు బయట మాత్రమే. జిగురు వాడని అతుకులకైతే ఇందుకు విరుద్ధం: రెండు ముఖాలకీ ప్రైమర్ వేసి, మధ్యలో పాలీసల్ఫైడ్ సీలెంట్ పూసి, తడి మీదే రివెట్ కొట్టాలి.

## రేకు ఎక్కడిది

తుక్కు బండి నుంచి కోసిన రేకు చవకే. కానీ దాని బెజ్జాలు మీ బండి బెజ్జాలతో కలవవు. ఓ ఐదారు కలిసి, మిగతావి ఒకటి రెండు మిల్లీమీటర్ల తేడాతో నిలబడతాయి. పక్కపక్కన రెండు బెజ్జాలు పడితే ఆ చోటు పనికిరాదు. అందుకే కోసిన రేకు తెచ్చుకునేవాళ్లు అంచు దగ్గర కాకుండా, దాని వెనక ఉన్న మడత రేకుతో సహా పెద్దగా కోయించుకోవాలి. మిలిటరీ నిల్వల నుంచి వచ్చిన కొత్త రేకు ఆకారం సరిపోతుంది, ధర ఎక్కువ. బెజ్జాలు లేకుండా వస్తే ఇంకా సంతోషం.

సొంతంగా మడిపించుకోవాలంటే 5052‑హెచ్32 రేకు అడగండి. మందంతో సమానమైన మడత వ్యాసార్ధానికి కూడా పగలదు, తేమకి నిలుస్తుంది. 6061‑టీ6 బలమైనదే గానీ బిగువు మడతలో బయటి వైపు వెంట్రుక పగుళ్లు చూపిస్తుంది. పాత రేకు మందం రంగు తీసేసి కొలవండి, రంగు పొరలతో కలిపి కొలిస్తే లెక్క తప్పుతుంది. పాత రేకు మీద ఒత్తు గీతలు ఉంటే కొత్తదాని మీదా వేయించాలి. లేదంటే సాఫీ రేకు గుంతల్లో డప్పులా మోగుతుంది.

## తీయడం, అమర్చడం

ఏ రివెట్ ఎంచుకున్నా ఈ పని ఒకటే. ఇక్కడ చెడిపోయిందంటే రివెట్ ఎంపిక వల్ల ఒరిగేది ఏమీ ఉండదు.

బండిని సమమైన నేల మీద నిలిపి, రేకు తీసే ముందే తలుపు ఖాళీల ఐమూల కొలతలు (మూల నుంచి ఎదురు మూలకి) రెండువైపులా తీసి రాసుకోండి. పెద్ద రేకు తీస్తుంటే ఆ ఖాళీకి అడ్డంగా చానల్ బిగించండి. లేకపోతే తెరిచిన పెట్టెలా బాడీ ఒరుగుతుంది, కొత్త రేకు ఆ ఒరుగుడులోనే బిగుసుకుపోతుంది.

సాలిడ్ రివెట్ తలకి మధ్యలో పంచ్ కొట్టి, బెజ్జం కంటే ఒక మెట్టు చిన్న బిట్‌తో తల మందం వరకే డ్రిల్ చేయండి. పంచ్ పెట్టి పక్కకి తిప్పితే తల లేచివస్తుంది. తర్వాత వెనక ఆధారం పెట్టి కాడను కొట్టి తీయాలి. స్ట్రక్చరల్ బ్లైండ్‌లో పుల్ల గట్టి స్టీలు, బిట్ జారి పక్కకి పోతుంది. ముందు పుల్లను సన్నని పంచ్‌తో లోపలికి కొట్టేసి ఆ తర్వాతే డ్రిల్ పెట్టండి. రివెట్ బిట్‌తో పాటు తిరుగుతుంటే డ్రిల్ ఆపి, చిన్న గ్రైండరుతో తలను పల్చబరచండి. అలా తిరగనిస్తే బెజ్జం పెద్దదవుతుంది.

రివెట్లన్నీ పోయినా రేకు రాదు. జిగురు పట్టుకుని ఉంటుంది. గడ్డపార పెట్టి లాగితే ఉండాల్సిన మడత వంగిపోతుంది. హీట్ గన్‌తో 120 నుంచి 150 డిగ్రీల దాకా వేడిచేసి, పల్చని స్క్రాపర్ దూర్చుతూ కొంచెం కొంచెంగా విడదీయండి. మంట వద్దు.

కొత్త రేకుని క్లాంపులతో పట్టించి, మొదట 30వ నంబరు బిట్‌తో చిన్న బెజ్జాలు వేయండి. ప్రతి మూడో బెజ్జంలో రాగి రంగు క్లీకో దూర్చండి. తలుపు మూసి చూడండి. అన్నీ సరిపోయాకే అసలు సైజుకి పెంచండి. 3/16కి ఇత్తడి రంగు క్లీకోలు కావాలి. తర్వాత మొత్తం విప్పి, రెండు రేకుల మధ్య లోహపు పొట్టు, అంచు ముళ్లు తీయాలి. ఈ విప్పే పని ఎగ్గొట్టేవాళ్లే ఎక్కువ. ఆ పొట్టు రేకుల్ని దూరంగా నిలబెడుతుంది, సందులో నీరు నిలుస్తుంది.

అంచు నుంచి బెజ్జం మధ్యకి వ్యాసానికి రెండింతల దూరం ఉండాలి. 3/16కి 10 మి.మీ., 1/4కి 13 మి.మీ. పాత బెజ్జం చెడి 3/16 నుంచి 1/4కి పోవాలనుకున్నప్పుడు ఈ కొలత చూసుకోకుండా పోకండి. అంచు 10 మిల్లీమీటర్లే ఉంటే వెనక పట్టీ రేకు వేసి పక్కన కొత్త బెజ్జాలు వేయడమే దారి. రివెట్ల మధ్య దూరం వ్యాసానికి నాలుగు నుంచి ఆరు రెట్లు.

రివెట్లు మధ్య నుంచి రెండు చివరలకి మార్చి మార్చి కొట్టండి. ఒక చివర నుంచి వరసగా పోతే మిగులు రేకంతా చివరి మూలకి తోసుకొచ్చి ఉబ్బుతుంది.

## మీరు ఎవరు?

ప్రదర్శనల్లో పెట్టే బండి, అచ్చం ఫ్యాక్టరీలా ఉండాలి అనుకునేవాళ్లు తీసిన చోట అదే రకం వేయాలి. తలల ఆకారం కూడా చూస్తారు కాబట్టి రకాలు కలపకండి. అడవి దారుల్లో, పొలాల్లో తిప్పేవాళ్లకి జిగురు, 1/4 స్ట్రక్చరల్ బ్లైండ్ కలిపి వేయడం సరైనది. రాకర్‌కి ఇంకో మాటే లేదు. శివారు కాలనీ గరాజ్‌లో శనివారాలు పనిచేసేవాళ్లు రివెట్ గన్ మోతకి పక్కింటివాళ్లు తలుపు కొట్టకముందే బ్లైండ్ వైపు వెళ్లిపోవడం మంచిది. సాలిడ్ గన్ మోత గోడలు దాటుతుంది. కంప్రెసర్ కూడా లేనివాళ్లు బెజ్జాలు, అమరిక, శుభ్రం అంతా తామే చేసుకుని, లాగే పని మాత్రం రోజు అద్దె గన్‌తో ముగించాలి. చేతి గన్‌తో పాప్ కొట్టి సరిపెట్టుకోవద్దు. కాలు, చేయి ఆడే చోటు ఉండి, పట్టుకోవడానికి ఓపికున్న మనిషి దొరికితే వెనక తొట్టి వరసలకి సాలిడ్ నిజంగానే చవకైన, మంచి దారి.

ఇండియాలో ఆర్మీ డిస్పోజల్ జోంగా, శక్తిమాన్ తీసుకున్నవాళ్లకి ఈ లెక్కలు నేరుగా పనికిరావు. వాటి బాడీ స్టీలు కాబట్టి వెల్డింగ్ మీద నా అభ్యంతరాలు అక్కడ వర్తించవు. బెజ్జం, అంచు దూరం, క్లీకో వరస మాత్రం ఎక్కడైనా ఒకటే.

## పని అయ్యాక

రెండు మూడు వందల మైళ్లు తిరిగాక కొత్త రివెట్ తలల చుట్టూ తెల్ల గుడ్డతో తుడిచి చూడండి. వదులైన రివెట్ రేకుతో రాసుకుని నల్లని పొడి వదులుతుంది. తల కింది నుంచి ఆ మసి చార గాలి వాటున వెనక్కి సాగుతుంది. అలాంటిది ఒక్కటే ఉంటే డ్రిల్ చేసి తీసి, అంచు దూరం ఒప్పుకుంటే ఒక సైజు పెద్దది వేయండి. వరసగా నాలుగైదు ఉంటే తప్పు రివెట్‌ది కాదు. పక్కన బాడీ మౌంట్ రబ్బరు అరిగిపోయిందా, ఆ బోల్టు వదులైందా, మడత రేకు లోపల పగిలిందా చూడండి. కారణం దొరకకుండా రివెట్లు మార్చితే ఇంకో రెండు వందల మైళ్లకి అదే చార మళ్లీ కనిపిస్తుంది.